వాయించడం రాని వాద్యశిల్పి లియో ఫెండర్

గిటారు వాయించడం మాట అటుంచి, దానిని శ్రుతి చేయడం కూడా నేర్వని ఒక వ్యక్తి ఇరవయ్యవ శతాబ్దపు గిటారు నాదాన్ని మార్చివేశారు. ఆయన పేరు క్లారెన్స్ లియొనిడాస్ ఫెండర్. లోకానికి లియో ఫెండర్‌గానే పరిచితులు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, నారింజ తోటలు సాగుచేసే రైతు దంపతులకు 1909 ఆగస్టు 10న ఆయన జన్మించారు. ఎనిమిదేళ్ళ ప్రాయంలో కణితి కారణంగా ఎడమకంటిని తొలగించి గాజుకన్ను అమర్చవలసి వచ్చింది. బాల్యం నుండి రేడియోలంటే ప్రాణమైనా చదివింది మాత్రం జమాఖర్చుల విద్య. ఆర్థిక మాంద్యపు రోజుల్లో ఆ ఉద్యోగం పోగా, 1938లో ఆరువందల డాలర్లు అప్పు తెచ్చి ఫుల్లర్టన్ పట్టణంలో రేడియోలు బాగుచేసే దుకాణం తెరిచారు. పాడైన యాంప్లిఫయర్లను పట్టుకుని ఆ మెట్లెక్కిన సంగీతకారులే ఆయనకు గురువులయ్యారు.

వారి బాధ ఒక్కటే. డొల్లగా ఉండే గిటారుకు పికప్ తగిలించి శబ్దం పెంచితే, స్పీకరు నుండి వెలువడిన ధ్వని మరల పెట్టెను కదిలించి కీచుమని అరిచేది. ఫెండర్ ఆలోచన సూటిగా సాగింది. తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చేది అయస్కాంతమూ, దానిపై వేలచుట్లు చుట్టిన సన్నని రాగితీగా అయినప్పుడు, డొల్లపెట్టె ఎందుకు? గట్టి పలక చాలును. ఈ తలపు ఆయన ఒక్కరిదే కాదు. అయితే దానిని సామాన్య వాద్యకారునికి అందుబాటులోకి తెచ్చిన ఘనత ఆయనదే.

1950లో వెలువడిన ఆ గిటారుకు మొదట బ్రాడ్‌కాస్టర్ అని నామకరణం జరిగింది. అటువంటి పేరుతోనే డోళ్ళు అమ్ముతున్న గ్రెట్ష్ సంస్థ అభ్యంతరం తెలపడంతో కొన్ని మాసాలు అది పేరులేకుండానే అమ్ముడుపోయింది. 1951లో టెలికాస్టర్ అయింది. బొబ్బిలిలో ఏకాండి వీణను ఒకే పనస దుంగ నుండి తొలుస్తారు. ఫెండర్ పద్ధతి సరిగ్గా దీనికి విరుద్ధం. దండిని నాలుగు మరలతో పలకకు బిగించారు. దండి పాడైతే మరలు విప్పి మరొకటి బిగించుకోవచ్చు. ఇది శిల్పి ఆలోచన కాదు, మరమ్మతుదారుని ఆలోచన.

తీగలు ఆనే గుర్రం చెంత (కన్నడ సీమలో దీనినే కుదురె అంటారు) మీటితే వీణ పదునుగా పలుకుతుందనీ, అక్కడి నుండి దూరంగా మీటితే మెత్తబడుతుందనీ వాయించేవారికి తెలుసు. పికప్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది. టెలికాస్టర్‌లో గుర్రం చెంత ఒకటి, దండి చెంత ఒకటి ఉంటాయి. మొదటిది కంచు మోగినట్లు ఖంగుమంటుంది.

1952లో గిబ్సన్ సంస్థ లెస్ పాల్ అనే పోటీ వాద్యాన్ని తెచ్చింది. మహాగని పలకపై మేపుల్ కప్పు, అతికించిన దండి, బరువు అధికం. తీగ పలికే నిడివి ఫెండర్‌లో ఇరవై అయిదున్నర అంగుళాలు. ఇందులో ఇరవై నాలుగు ముప్పాతిక. తీగ బిగువు తగ్గుటవలన వేళ్ళకు సులువు, నాదానికి మెత్తదనం. 1957 నుండి ఇందులో సెత్ లవర్ రూపొందించిన జంటచుట్ల హంబకర్ పికప్‌లు వచ్చాయి. ఒకదానికొకటి ఎదురుగా ఉన్న రెండు చుట్లు విద్యుత్ గుర్రును రద్దు చేస్తాయి. ఫెండర్ ఒంటిచుట్టు పికప్‌లకు ఆ గుర్రు తప్పదు. కానీ ఆ గుర్రుతో పాటే తీగలోని సన్నని మెరుపు కూడా కొంత పోతుంది. నిండుగా, దీర్ఘంగా సాగే స్వరం కావలసినవారికి లెస్ పాల్‌ను మించినది లేదు. అనేక గొంతులు కావలసినవారు మాత్రం ఫెండర్ ముంగిటికే రావాలి.

ఆ అనేకత్వం 1954 నాటి స్ట్రాటోకాస్టర్‌లో పరిపూర్ణమైంది. టెలికాస్టర్ అంచులు పక్కటెముకలకు గుచ్చుకుంటున్నాయని బిల్ కార్సన్ వంటి వాద్యకారులు మొరపెట్టుకోగా పలకను ఒంటికి ఒదిగేలా చెక్కించారు. పికప్‌లు మూడయ్యాయి. స్వరాన్ని ఊగించేందుకు ఒక మీట చేరింది. ఆ స్వరకంపనానికి శాస్త్రప్రకారం వైబ్రాటో అని పేరుండగా ఆయన ట్రెమెలో అన్నారు. ట్రెమెలో అనవలసిన చోట వైబ్రాటో అన్నారు. ఆ తారుమారు నేటికీ చెలామణిలో ఉంది!

ఆయన ఊహించనిది మరొకటి జరిగింది. పికప్‌లను మార్చే మీటకు ఆయన మూడు స్థానాలే ఇచ్చారు. వాద్యకారులు దానిని రెంటి నడుమ నిలిపి, రెండేసి పికప్‌లు కలిసి పలికే బోలు నాదాన్ని కనుగొన్నారు. 1977లో సంస్థయే అయిదు స్థానాల మీటను అమర్చింది. అయితే వాద్యాన్ని చూసి నాదాన్ని నిర్ణయించడం కూడా పొరపాటే. లెస్ పాల్‌తో పేరు ముడివడిన జిమ్మీ పేజ్, లెడ్ జెప్పెలిన్ తొలి ఆల్బమ్‌లో ప్రధానంగా వాయించినది టెలికాస్టర్.

ఇంతలో విధి వెక్కిరించింది. దీర్ఘకాలపు సూక్ష్మజీవుల వ్యాధితో కృశించిన ఫెండర్, ఇక బ్రతకనని తలచి 1965లో సంస్థను సి.బి.ఎస్.కు 1.3 కోట్ల డాలర్లకు అమ్మివేశారు. తరువాత వైద్యుణ్ణి మార్చగా వ్యాధి నయమైంది! ఆరోగ్యం తిరిగివచ్చింది గానీ సొంత పేరు తిరిగిరాలేదు. గిటార్లపై ఫెండర్ అని రాసుకునే హక్కు ఇతరులదైంది. 1965కు పూర్వపు గిటార్లకు సేకర్తలు నేటికీ అధిక మూల్యం చెల్లిస్తారు.

ఆయన ఊరకుండలేదు. మ్యూజిక్ మ్యాన్ సంస్థకు వాద్యాలు రూపొందించి, అటుపిమ్మట పాత సహచరుడు జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి జి అండ్ ఎల్ సంస్థను నెలకొల్పారు. పికప్‌లను మరింత మెరుగుపరిచి, తన వాద్యాలలో ఉత్తమమైనవి ఇవేనని విశ్వసించారు. లోకం మాత్రం పాత స్ట్రాటోకాస్టర్‌నే అడిగింది.

పార్కిన్సన్ వ్యాధి చేతులను వణికిస్తున్నా పనిబల్లను వీడలేదు. 1991 మార్చి 21న ఆయన కన్నుమూశారు. ఆ ముందురోజు కూడా కర్మాగారానికి వెళ్ళి పని చేసుకుని వచ్చారు.