మూడోసారి పాసైన కుర్రాడి ఒకటికి ఒకటి లెక్క



రెంజల్ వైపు చెరకు పండించిన ఇళ్లలో పెద్దలందరికీ తెలిసిన లెక్క ఒకటుంది. ఫ్యాక్టరీకి తోలిన టన్ను చెరకుకు చక్కెర ఎంత దిగుతుంది? దాన్నే రికవరీ అంటారు. రికవరీ పది శాతమైతే టన్నుకు క్వింటాల్ చక్కెర. బోధన్ ఫ్యాక్టరీలో 2015లో క్రషింగ్ ఆగిపోయినా ఆ లెక్క మీరు మరిచిపోయి ఉండరు.

మీ పిల్లలు కెమిస్ట్రీలో నేర్చుకునే స్టాయికియోమెట్రీ కూడా ఇలాంటిదే. ఇంత పదార్థం వేస్తే ఇంత రావాలి అని చెప్పే లెక్క అది. కాకపోతే అక్కడ బరువు ఒక్కటే చాలదు, అణువులు ఎన్ని అన్నదీ చూడాలి. చాలామంది పిల్లలు తడబడేది అక్కడే. ఆ లెక్కను నమ్ముకుని ఎదిగిన ఒక తెలుగువాడి జీవితం ఈ నెల మీకోసం.

మార్కులు రాని రోజులు

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద ధ్యాస తక్కువ. యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదిద్దామని పదమూడేళ్ల వయసులో కాశీకి బయలుదేరితే, తల్లి వెంకమ్మ గారు వెనక్కి తీసుకొచ్చారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో పాసయ్యారు.

మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకోవడం సర్జరీ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు, దానికంటే తక్కువైన ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్టే చేతికొచ్చింది. అయినా ఆగలేదు. మామగారి సాయం తోడై అమెరికాలోని బోస్టన్ చేరారు. ఆస్పత్రిలో రాత్రి పూట చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదువుకున్నారు.

నీలిరంగు చెప్పిన సంగతి

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర ఆయనకు పని దొరికింది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే సులువైన పద్ధతి కనిపెట్టాలి. ఇద్దరూ కలిసి 1925లో దాన్ని ప్రచురించారు. ద్రావణంలో మాలిబ్డేట్ కలిపి, ఆ తర్వాత మరో రసాయనం వేస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కన.

అదే పరీక్ష కండరం నుంచి తీసిన ద్రవంతో చేస్తే ఒక వింత కనిపించింది. రంగు వెంటనే పూర్తిగా రాలేదు, నిదానంగా చిక్కబడుతూ పోయింది. పరీక్షలో పొరపాటని వాళ్లు కొట్టిపారేయలేదు. కొంత ఫాస్ఫరస్ మరో పదార్థంతో ముడిపడి ఉందని, ఆమ్లంలో ఆ ముడి మెల్లగా విడిపోతోందని గుర్తించారు. ఆ రెండో పదార్థం క్రియాటిన్. మరి ఏది ఎన్ని పాళ్లు?

ఇక్కడే మోల్ లెక్క కావాలి. డజను అరటిపళ్లు, డజను గుమ్మడికాయలు బరువులో వేరు, లెక్కలో ఒకటే. మోల్ కూడా డజను లాంటి లెక్కే. ఒక మోల్ అంటే 6.022 × 10²³ కణాలు. ఒక మోల్ క్రియాటిన్ 131 గ్రాములు, ఒక మోల్ ఫాస్ఫరస్ 31 గ్రాములు. బరువు మాత్రమే చూస్తే క్రియాటిన్ నాలుగు రెట్లకు పైగా కనిపిస్తుంది. మోల్స్‌లోకి మార్చి చూస్తే ఒకటికి ఒకటి!

అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ లోకానికి తెలిసింది. కండరం పని చేస్తే అది విడిపోతుంది, విశ్రాంతిలో మళ్లీ కలుస్తుంది. 1929లో వాళ్లిద్దరూ కండరంలోనే ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. అందులో ఒక అడినిన్‌కు ఒక రైబోజ్ చక్కెర, మూడు ఫాస్ఫేట్లు. మీ పిల్లలు మైదానంలో పరుగెత్తడానికి శక్తినిచ్చేది ఈ అణువే.

1940లో సుబ్బారావు గారు లెడర్లీ మందుల కంపెనీకి మారారు. ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. ఆయన అన్నను బలిగొన్న స్ప్రూ జబ్బుకు పనికొచ్చే మందు అదే. ఇప్పుడు గర్భిణులకు ఇచ్చే మాత్రల్లోనూ అది ఉంటుంది. బోదకాలు నివారణకు ఊరూరా పంచే డీఈసీ మందు కూడా ఆయన నాయకత్వంలో వచ్చిందే. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఇంట్లో చేసి చూడండి

మీ పిల్లలతో 100 శనగలు, 100 పెసలు లెక్కపెట్టించి విడివిడిగా తూకం వేయించండి. సంఖ్య ఒకటే, బరువులు వేరు. ఆ తర్వాత ఒక గుప్పెడు శనగలు తూచి, లెక్కపెట్టకుండానే ఎన్ని ఉన్నాయో చెప్పమనండి. మోల్ లెక్క కిటుకు అదే.

ఆ తర్వాత నోటుబుక్ తెరిపించండి. రెండు హైడ్రోజన్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు కలిస్తే రెండు నీటి అణువులు వస్తాయి. 2 : 1 అన్నది మోల్స్ నిష్పత్తి. గ్రాముల్లో అది 4 : 32. 2 గ్రాములకు 1 గ్రాము అని రాశారంటే మీ పిల్లలు తప్పింది ఆ ఒక్క మెట్టే. అక్కడ కోప్పడకండి, ముందు మోల్స్‌లోకి మార్చమని గుర్తుచేయండి చాలు.

ఈసారి కెమిస్ట్రీలో మార్కులు తగ్గితే, మెట్రిక్యులేషన్ మూడోసారి రాసిన ఆ కుర్రాడినీ, అతన్ని కాశీ దారి నుంచి వెనక్కి తెచ్చిన ఆ తల్లినీ ఒకసారి తలుచుకోండి.