చిత్రకారులు కీ.శే. పాకాల తిరుమలరెడ్డిగారు

చిత్రకళ యనగా దేవతామూర్తులను, రాజుల రూపములను ఉన్నవి యున్నట్లు వ్రాయుటయే యని తలచువారు మనలో నేటికిని పెక్కుమంది గలరు. కాని తెనాలిలో పనికిరాని యినుపతునుకలను గూర్చి ప్రతిమలు నిర్మించు శిల్పులను చూచిన మన ప్రాంతమువారికి, కళ సామగ్రియందు గాక దానిని మలచు బుద్ధియందు గలదని వేరుగ జెప్ప నక్కరలేదు. ఈ సత్యమును చిత్రకళయందు జీవితమంతయు పరీక్షించి చూపినవారు, పి.టి.రెడ్డి యని ప్రసిద్ధులైన పాకాల తిరుమలరెడ్డిగారు.

వీరు 1915వ సంవత్సరమున కరీంనగరము జిల్లా అన్నవరము గ్రామమున జన్మించిరి. హైదరాబాదు కొత్వాలుగా నుండి, 1918లో రెడ్డి హాస్టలు స్థాపనకు మూలపురుషులైన రాజా బహద్దరు వేంకటరామారెడ్డిగారు వీరి ప్రతిభను గుర్తించి ప్రోత్సహించిరి. బొమ్మలు కూడు పెట్టవని లోకము తలచు దినములలో ఒక పల్లెటూరి బాలుడు బొంబాయి జె.జె. కళాశాలలో చదువుటకు తోడ్పడుట సామాన్యదానము గాదు. తిరుమలరెడ్డిగారు 1939లో అచట డిప్లొమా పొంది యా దానమును సార్థకము గావించిరి. 1941లో కొందరు మిత్రులతో గూడి బొంబాయిలో సమకాలీన చిత్రకారుల బృందమును స్థాపించిరి. ప్రసిద్ధమైన ప్రోగ్రెసివ్ బృందము 1947లో నేర్పడినది. వీరి యత్నము దానికి పూర్వమే జరిగినది.

తరువాత జీవనార్థము హైదరాబాదున కుర్చీలు, బల్లలు మున్నగు కొయ్యసామాను తయారుచేయించు కార్ఖానాను నడపిరి. తెలుగు ఆచార్యులును, కథారచయిత్రియు నైన యశోదారెడ్డిగారు వీరి ధర్మపత్ని. కుంచె కొంతకాలము వెనుకబడినను, కొయ్యతోడి పరిచయము వృథ గాలేదనవలెను. పిమ్మట వీరు కొయ్యలో శిల్పములు మలచిరి. ఆమ్లముచే లోహఫలకమును తినిపించి, ఆ గీతలలో సిరా నింపి కాగితముపై అచ్చొత్తు విధానమును గూడ నవలంబించిరి.

1970 ప్రాంతమునుండి వీరి దృష్టి తాంత్రికరేఖలపై నిలిచినది. శ్రీచక్రమున ఊర్ధ్వముఖములు నాలుగు, అధోముఖములు ఐదు త్రికోణములు ఒండొంటితో పెనగి బిందువును చుట్టియుండును. పూజామందిరమున రాగిరేకుపై నుండు నా రేఖలను, బిందువును, వలయమును వీరు తైలవర్ణములలోనికి దెచ్చిరి. యంత్రమును గోడబొమ్మగా జేయుట తగునా యని శాస్త్రజ్ఞులు శంకింపవచ్చును. వీరు వ్రాసినవి పూజాయంత్రములు గావు. రూపములేని దానిని రేఖచే సూచించు మన ప్రాచీనమార్గమును చిత్రభాషగా గ్రహించిరి. నూతనత్వమునకై పడమటిదిక్కు చూచుచున్న కాలమున వీరు మన యింటి దేవతార్చన పెట్టెను తెరచి చూచిరి.

వీరు 1996లో స్వర్గస్థులైరి. మన సంఘములు విద్యార్థివేతనములను వైద్యమునకు, యంత్రవిద్యకు ఒసగుచున్నవి, సంతోషమే. కాని గోడపై బొగ్గుతో గీతలు గీయుచు పెద్దలచే చీవాట్లు తినుచున్న పిల్లవాడు తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో నేడును ఉండకపోడు. వానికొరకు ఏటేట ఒక్క వేతనమైనను ప్రత్యేకించవలసినదిగా వదాన్యులైన పోషకులను ప్రార్థించుచున్నాను.