మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు: మూలము వెదకిన మహనీయుడు

ఉగాదినాడు పంచాంగము విని, రాబోవు ఏటి వానలను, ఆదాయవ్యయములను తెలిసికొనుట మన పెద్దల ఆచారము. ఈ సంచిక చదువు కుటుంబములలో పెక్కు చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి సీమల నుండి బ్రతుకుతెరువునకై తరలివచ్చినవి. ఇంట తెలుగు, బడిలో కన్నడము నేర్చి పెరిగినవారము మనము. మన బిడ్డలలో కొందరు నేడు పెద్ద సంస్థల యూనిక్స్ సర్వర్లను కాచు కొలువులలో యున్నారు. అర్ధరాత్రి ఫోను మ్రోగినచో లేచి కూర్చుందురు. నీవు చేయు పని యేమిరా నాయనా అని అవ్వ అడిగిన, చెప్పుటకు మాట దొరకక నవ్వి ఊరకుందురు. ఆ పని గుట్టు తెలియవలెనన్న, మన సీమలోనే పుట్టి, నీటితో అదే పని చేసిన విశ్వేశ్వరయ్యగారి చరిత్రను చెప్పుకొనుట మేలని మాకు తోచినది.

నందికొండ నీడలో, చిక్కబళ్ళాపురమునకు చేరువనున్న ముద్దేనహళ్ళిలో ఒక సెప్టెంబరు 15వ తేదీన వీరు జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. మోక్షగుండము వీరి పూర్వుల ఊరు. వారును మనవలెనే వలస వచ్చినవారే. చిక్కబళ్ళాపురములో తొలి చదువు, పిమ్మట బెంగుళూరు సెంట్రల్ కాలేజి. బాల్యముననే తండ్రి గతించుటచే, పిల్లలకు పాఠములు చెప్పి తన చదువు సాగించుకొనిరి. మైసూరు ప్రభుత్వపు వేతనముతో పూనాలో ఇంజనీరింగు ముగించి, 1884లో బొంబాయి సర్కారు పనులశాఖలో చేరిరి.

వీరిని గూర్చి జనులు చెప్పుకొను కథలు కోకొల్లలు. వాటిని విడిచి, నిలిచియున్న పనులనే చూతము.

సింధుదేశములో సుక్కూరు పట్టణమునకు త్రాగునీరు కావలసివచ్చెను. సింధునది పక్కనే యున్నది గాని నీరు బురద. వడపోత తొట్లు కట్టుటకు పురపాలక సంఘమునకు స్తోమతు లేదు. విశ్వేశ్వరయ్యగారు నది ఇసుకలోనే బావి త్రవ్వించి, ఇసుకయే వడపోత అగునట్లు ఏర్పాటు చేసిరి. 1895 నాటికి పని పూర్తియైనది. చేతిలో లేనిదానికై చింతింపక, ఉన్నదానినే పనికి మలచుట వీరి మొదటి గుణము.

పూనా చెంత ఖడక్‌వాస్లా జలాశయములో ఏటేటా వరదనీరు కలుజు మీదుగా పొర్లి వృథాగా పోయెడిది. ఆనకట్ట ఎత్తు పెంచిన, పాత కట్టకు బరువు. కలుజు పైన వీరు స్వయంచాలక తలుపులు అమర్చిరి. నీరు నిర్ణీత మట్టము దాటినంతనే ఆ నీటి బలముతోనే తలుపులు తెరచుకొనును. మట్టము దిగినంతనే మూసుకొనును. కట్ట ఎత్తు పెంచకయే సుమారు 8 అడుగుల నీరు అదనముగా నిలిచెను. ఇది 1903 నాటి మాట. నడిరేయి వరద వచ్చినను తలుపు తీయుటకు కాపలావానిని నిద్ర లేపనక్కరలేదు.

మన బిడ్డల పనియు ఇట్టిదే. సర్వరనగా బ్యాంకు లెక్కలు, రైలు టిక్కెట్లు, ఆసుపత్రి చీటీలు రేయింబవళ్ళు దాచి, అడిగినవారికి అందించు పెద్ద కంప్యూటరు. దానిని నడిపించు ఏర్పాటు యూనిక్స్. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టినది. దానిలోని డిస్కు మన చెరువు వంటిది. నిండెనా, క్రొత్త లెక్క వ్రాయుటకు చోటుండదు, పని స్తంభించును. అందుచేత తెలివిగల అడ్మినిస్ట్రేటరు డిస్కు ఇంత నిండినప్పుడు పాత కాగితములు వాటంతట అవే వేరొకచోటికి తరలునట్లు ముందే అమర్చును. అది ఖడక్‌వాస్లా తలుపే.

దక్కను కాలువల క్రింద వీరు 1899లో బ్లాకు పద్ధతి ప్రవేశపెట్టిరి. పొలములను భాగములుగా విడదీసి, పైరులు మార్చుచు, కొందరే నీరంతయు వాడుకొనక పెక్కు గ్రామములకు అందునట్లు పంచుట దాని సారము. సర్వర్లలో ఒక్కొక్కరికి ఇంత చోటని కట్టడి చేయుటను కోటా అందురు. రెంటి ధర్మము ఒక్కటే. అయితే మాటలతో జాగ్రత్త. యూనిక్స్ వారు బ్లాకు అన్నచో డిస్కులోని చిన్న గడి యని అర్థము. అట్లే లాగు అనగా మనము తొడుగు లాగు కాదు. కంప్యూటరు క్షణక్షణము వ్రాసికొను దినచర్య.

ఆ దినచర్య విలువ తెలియుటకు హైదరాబాదు కథ చాలును. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచెను. చనిపోయినవారు సుమారు 15,000 మంది యని అంచనా. అప్పటికి బొంబాయి కొలువు వదలి విదేశములలో సంచరించుచున్న విశ్వేశ్వరయ్యగారిని నిజాం ప్రభుత్వము పిలిపించెను. 1909లో వచ్చి, వీరు మొదట చేసినది గోడ కట్టుట కాదు, లెక్కలు సేకరించుట. ఏ ఊర ఎంత వాన పడెను, ఏ చెరువు ఎప్పుడు తెగెను, ప్రవాహము ఎంత అని విచారించిరి. నగరమునకు ఎగువన 221 చెరువులు తెగినట్లు తేలెను. జబ్బు కనిపించినది నగరములో. దాని మూలము ఎగువన. మూసీ మీదను, దాని ఉపనది ఈసీ మీదను జలాశయములు కట్టవలెననియు, నగరములో గట్లు బలపరచవలెననియు చెప్పిరి. అట్లే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియైనవి. వరద నడ్డుటయే గాక అవి త్రాగునీరును ఇచ్చినవి.

సర్వరు మొరాయించినప్పుడు తొందరపడి ఆపి మరల నడుపుటను రీబూట్ అందురు. పని సాగును గాని, కారణము చెప్పు జాడ కొంత చెరిగిపోవును, రోగము మిగులును. లాగు చదివి, ఎగువన తెగిన చెరువేదో కనిపెట్టువాడే నిజమైన అడ్మినిస్ట్రేటరు.

1909లో మైసూరు చీఫ్ ఇంజనీరై, 1911లో కన్నంబాడి కృష్ణరాజసాగరమును ఆరంభించిరి. 1912 నుండి 1918 వరకు దివానుగా యుండగా 1913లో మైసూరు బ్యాంకు, 1916లో విశ్వవిద్యాలయము, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కళాశాల వెలసినవి. తాను లేనప్పుడును సాగునట్లు సంస్థలను నిలుపుటయు ఒకవిధముగా ఆ స్వయంచాలక తలుపే. తన ఉద్యోగానుభవములను 1951లో గ్రంథముగా ప్రచురించిరి. 1955లో భారతరత్న బిరుదము పొంది, నిండు నూరేళ్ళు జీవించి, 1962 ఏప్రిల్‌లో స్వర్గస్థులైరి. ముద్దేనహళ్ళిలో వారి ఇల్లు స్మారకముగా నిలిచియున్నది.

చదువరులారా, నీరు తప్పినను, లెక్క తప్పినను నష్టపడునది ఎవరో ఒక ఇల్లాలు, ఎవరో ఒక రోగి. కనుక రాత్రి మేల్కొను మన బిడ్డల పనిని చిన్నచూపు చూడకుడు. బిడ్డలారా, మీరును చేసిన మరమ్మతును వ్రాసిపెట్టుడు; రేపు ఆ ఫోను ఎత్తువాడు వేరొకడు. నందికొండ నుండి పుట్టు పినాకిని నెల్లూరు దాక పోయినట్లు, ఈ బుద్ధి మన ఇండ్లనుండి దూరతీరములకు పారుగాక. అందరికి ఉగాది శుభాకాంక్షలు.