దేహమే ప్రయోగశాల

శాస్త్ర పరిశోధన వల్ల మానవాళికి కలిగిన మేలు అపారమైనది. ఒక ఔషధం రోగి చేతికి చేరక మునుపు ఎన్నో మూగజీవాలపై పరీక్షింపబడుతుంది. ఆ జీవాల బాధకు బదులుగా మనం ఏమిస్తున్నాం? ఈ ప్రశ్నకు తన జీవితాన్నే సమాధానంగా ఇచ్చిన శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. ఇంగ్లండులో పుట్టి, భారతీయ పౌరునిగా కన్నుమూసిన ఆయనకు ఆంధ్రదేశంతో గల అనుబంధం విశిష్టమైనది.

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ 1892 నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డ్ నగరంలో జన్మించాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ ప్రఖ్యాత శరీరధర్మ శాస్త్రవేత్త. బొగ్గు గనుల్లో విషవాయువులను ముందుగా పసిగట్టడానికి చిట్టెలుకలను, కానరీ పక్షులను వెంట తీసుకొనిపోవాలని సూచించినవాడు ఆయనే. చిన్న ప్రాణి మనిషికంటె ముందుగా సొమ్మసిల్లుతుంది. అది చూసి కార్మికుడు ప్రాణాలు దక్కించుకొంటాడు. ఆ తండ్రి ఒకనాడు బాలుడైన కుమారుని గనిలోకి తీసుకొనిపోయి, నిలబడి షేక్‌స్పియర్ నాటకంలోని ప్రసంగం చదవమన్నాడు. పైకప్పు కింద చేరిన మీథేన్ వాయువు వల్ల బాలునికి ఊపిరాడక కాళ్లు తేలిపోయాయి. నేలపై పడగానే మంచి గాలి తగిలి తేరుకొన్నాడు. మీథేన్ గాలికంటె తేలికైనదనే పాఠం అతనికి ఆ విధంగా అనుభవం ద్వారా అబ్బింది.

అనువంశికతపై ఆసక్తి కలిగిన హాల్డేన్, చెల్లెలు నవోమితో కలిసి ఇంటివద్దనే గినీ పందులను పెంచాడు. ఆ తరువాత చిట్టెలుకలపై పరిశోధన సాగించి, రెండు లక్షణాలు జంటగా సంతానానికి సంక్రమించడాన్ని నిరూపించాడు. క్షీరదాలలో జన్యు సహలగ్నతను వెల్లడించిన తొలి పరిశోధన అదే. అది 1915లో వెలువడేనాటికి అతడు మొదటి ప్రపంచయుద్ధ రంగంలో ఉన్నాడు. ఆ పరిశోధనలో భాగస్వామియైన మిత్రుడు స్ప్రంట్ యుద్ధంలో అసువులు బాశాడు. హాల్డేన్ సైతం గాయపడి, కోలుకోవడానికి భారతదేశానికి వచ్చాడు. ఈ దేశంపై ఆయనకు మమకారం కలిగింది అప్పుడే.

యుద్ధానంతరం ఆయన కేంబ్రిడ్జిలో జీవరసాయన శాస్త్రాన్ని బోధించాడు. విచిత్రమేమంటే, ఆయన పట్టా పొందింది ప్రాచీన సాహిత్యంలోనే. విజ్ఞానశాస్త్రంలో ఏ పట్టా లేదు. రక్తంలో ఆమ్లత్వం పెరిగితే ఏమవుతుందో తెలుసుకోదలచి, ఆయన అమ్మోనియం క్లోరైడును నీటిలో కలిపి తానే తాగాడు. రోజుల తరబడి ఆయాసంతో బాధపడ్డాడు. ఆ ఫలితాన్ని వైద్యులు పసిబిడ్డలకు వచ్చే ఒక విధమైన ఈడ్పు వ్యాధి చికిత్సలో ఉపయోగించారు. కుందేలు తలనొప్పిగా ఉందని చెప్పలేదు, మనిషి చెప్పగలడు. ఆయన తనపైనే ప్రయోగాలు చేసుకోవడానికి ఇది ముఖ్యకారణం.

1939లో థీటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగి 99 మంది మరణించారు. వారి మరణానికి దారితీసిన పరిస్థితులను తెలుసుకోవడానికి హాల్డేన్ ఉక్కు గదిలో తనను తాను బంధించుకొని, అధిక పీడనంలో రకరకాల వాయువులను పీల్చాడు. ఆ పరిశోధనల కాలంలో ఒకసారి మూర్ఛ వచ్చి వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. ఆ నొప్పి ఆయనను చాలాకాలం వేధించింది.

అయినా జంతువులపై ప్రయోగాలను పూర్తిగా నిషేధించాలన్న వాదాన్ని ఆయన అంగీకరించలేదు. వంశపారంపర్యంగా వచ్చే వ్యాధుల విషయంలో స్వీయప్రయోగం సాధ్యం కాదు. 1937లో ఆయన జూలియా బెల్‌తో కలిసి హీమోఫిలియా, వర్ణాంధత్వాలకు కారణమైన జన్యువులు ఒకే క్రోమోజోముపై దగ్గర దగ్గరగా ఉన్నాయని కుటుంబ వృక్షాల ఆధారంగా తేల్చాడు. 1941లో హంటింగ్టన్ వ్యాధిని గురించి ఒక సూక్ష్మమైన విషయాన్ని గ్రహించాడు. మెదడును క్రమంగా క్షీణింపజేసే ఈ వ్యాధి తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే, ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. అయితే దాని లక్షణాలు సాధారణంగా నడివయసులో, అప్పటికే బిడ్డలు కలిగిన తరువాత, బయటపడతాయి. కాబట్టి ప్రకృతి వరణం ఆ జన్యువును సులభంగా తొలగించలేకపోతున్నదని ఆయన వివరించాడు. వార్ధక్యాన్ని గురించిన ఆధునిక సిద్ధాంతాలకు ఈ ఆలోచన బీజమైంది.

ఆ జన్యువు 1993లో గుర్తింపబడింది. 1996లో లండన్ శాస్త్రజ్ఞులు అందులోని లోపభాగాన్ని చిట్టెలుకలలో ప్రవేశపెట్టి, వాటిలో వ్యాధిలక్షణాలు కలిగేటట్లు చేశారు. బతికివున్న రోగి మెదడును కోసి చూడలేని శాస్త్రానికి ఆ ఎలుకలే ఆధారమయ్యాయి. అయితే ఎలుకలలో గుణమిచ్చిన మందులు పలు సందర్భాలలో మనుషులకు గుణమివ్వలేదు. ఎలుక ఆయుష్షు రెండు మూడేళ్లు. మనిషిలో వ్యాధి దశాబ్దాల పాటు లోలోపల పెరుగుతుంది. ఎలుక మనిషికి నమూనా మాత్రమే, ప్రతిరూపం కాదు.

హాల్డేన్ 1957లో మహలనోబిస్ ఆహ్వానంపై కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరాడు. 1961లో భారతీయ పౌరసత్వం స్వీకరించాడు. ఇక్కడ ఆయన శాకాహారియై, ధోవతి కుర్తాలు ధరించాడు. ప్రాణిని చంపకుండానే జీవశాస్త్రంలో గొప్ప పరిశోధనలు చేయవచ్చని శిష్యులకు బోధించాడు. కొబ్బరిచెట్టు ఆకులు కుడివైపు మెలిక తిరిగాయా, ఎడమవైపు తిరిగాయా అని లెక్కించడం, పక్షి గూటిని ఓపికగా గమనించడం వంటి పనులు ఆయన ప్రోత్సాహంతో శాస్త్రవ్యాసాలయ్యాయి.

ఆయన శిష్యులలో పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకడు. ఐరోపాలోని పలు దేశాలలో నిషిద్ధమైన మేనమామ, మేనకోడళ్ల వివాహం ఆంధ్రదేశంలో ఆచారం. ఈ దంపతుల బిడ్డకు ఏదైనా ఒక జన్యువు యొక్క రెండు ప్రతులూ ఒకే పూర్వికుని నుండి సంక్రమించే అవకాశం 1/8. మేనత్త, మేనమామ బిడ్డల మధ్య జరిగే మేనరికంలో అది 1/16. అంతర్గతంగా దాగివున్న లోపజన్యువు ఇటువంటి బిడ్డలలో బయటపడే అవకాశం అధికం. బుద్ధిమాంద్యానికి దారితీసే కొన్ని వ్యాధులు ఈ కోవకు చెందినవే. ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాలపై కృష్ణారావు, మీరాఖాన్ కలిసి రాసిన వ్యాసం 1963లో వెలువడింది. ఆ తరువాత విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ మేనరికాలపై పరిశోధనలు సాగాయి. ఈ అధ్యయనాలలో ఏ ప్రాణికీ హాని జరుగలేదు. కుటుంబాలు చెప్పిన సమాచారమే వాటికి ఆధారం.

1962లో హాల్డేన్ భువనేశ్వర్‌కు తరలివెళ్లాడు. క్యాన్సర్ సోకినా ధైర్యం కోల్పోక, ఆ వ్యాధిపైనే హాస్యకవిత రాసి, లక్షణాలు కనిపించగానే వైద్యుని సంప్రదించాలని జనులకు ఉద్బోధించాడు. 1964 డిసెంబరు 1వ తేదీన కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. 1958లో ప్రారంభమైన ఆ కళాశాల అప్పట్లో ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలో ఉండేది. బతికినన్నాళ్లూ ప్రయోగాలకు లోనైన దేహం, మరణానంతరం తెలుగు విద్యార్థులకు పాఠ్యగ్రంథమైంది.

తాను భరించగలిగిన బాధను మరొక ప్రాణిపై మోపకపోవడం, తప్పనిసరియైనచోట ఆ ప్రాణి ఋణాన్ని మరువకపోవడం శాస్త్రజ్ఞుని ధర్మం. రేపు ప్రయోగశాలలో చిట్టెలుకను చేతిలోకి తీసుకోబోయే విద్యార్థి, దానివల్ల నిజంగా తెలియవలసినది ఏమిటో, అది మరో మార్గంలో తెలియదా అని ముందుగా తనను తాను ప్రశ్నించుకోవాలి. ఆ ప్రశ్న వేసుకొన్ననాడే హాల్డేన్ జీవితం మనకు పాఠమైనట్లు.