ప్లాస్మాకు పేరు పెట్టినవాడు: ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్

పోయిన ఎండాకాలం బద్వేలు దగ్గర మా చేన్లో పాత డ్రిప్పు పైపులు, పాలిథీన్ పట్టలు కుప్పేసి నాయన నిప్పు పెట్టినాడు. ఆ నల్లపొగకు జేజికి రాత్రంతా దగ్గు. సైన్సు చదివేవానివి గదా, వీటినేం చెయ్యాలో నువ్వే చెప్పమన్నాడు నాయన. నా దగ్గర జవాబు లేదు. వెతుకుతూ పోతే లాంగ్‌మ్యూర్ దొరికినాడు.

ఈ శాస్త్రజ్ఞుడు 1881 జనవరి 31న అమెరికాలోని బ్రూక్లిన్‌లో జన్మించాడు. జర్మనీలోని గోటింగెన్‌లో నెర్న్‌స్ట్ వద్ద చదివి 1906లో డాక్టరేటు పొందాడు. 1909లో స్కెనెక్టడీలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో చేరి, 1950 దాకా అక్కడే పనిచేశాడు.

బల్బు ఎందుకు నల్లబడుతుంది? ఇదీ ఆయన ముందున్న ప్రశ్న. తీగలోని టంగ్‌స్టన్ ఆవిరై గాజుకు అంటుకుంటోందని తేల్చాడు. లోపల నత్రజని వంటి వాయువు నింపితే ఆ ఆవిరి తగ్గుతుందని 1913లో చూపాడు. వేడి తీగపై వాయువుల తీరు గమనిస్తూనే, అణువులు ఉపరితలం మీద ఒకే పొరగా అంటుకుంటాయన్న సిద్ధాంతం చేశాడు. ఉత్ప్రేరకాలు పనిచేసే తీరు దీనితో తేటపడింది. ఉపరితల రసాయనశాస్త్రంలో చేసిన కృషికి 1932లో నోబెల్ బహుమతి వచ్చింది. విద్యుత్తు పారి అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిన వాయువుకు 1928లో ప్లాస్మా అని పేరు పెట్టిందీ ఆయనే.

1946లో సహచరుడు షేఫర్ విమానం నుండి మేఘాలపై పొడి మంచు చల్లాడు. ఆ తర్వాత లాంగ్‌మ్యూర్ పెద్ద వానలు సైతం ఇలాంటి ప్రయోగాల వల్లేనని వాదించాడు. తోటివారు చాలామంది ఒప్పుకోలేదు. ఆకాశం వంక చూసి బతికే సీమవాళ్లకు ఆ ఆశ అర్థమవుతుంది. కానీ ఆశ వేరు, రుజువు వేరు. 1957 ఆగస్టు 16న ఆయన కన్నుమూశాడు.

ఆయన చూపిన రెండు దారులూ కలిసిందే ప్లాస్మా ఉత్ప్రేరణ. పాలిథీన్ అంటే కార్బన్ పరమాణువుల పొడవాటి గొలుసు. ప్లాస్మాలోని వేగమైన ఎలక్ట్రాన్లు ఆ గొలుసు తెగడానికి తోడ్పడతాయి. తెగిన ముక్కల్ని జియోలైటు వంటి ఉత్ప్రేరకం ఇంధనానికి పనికొచ్చే చిన్న అణువులుగా మలుస్తుంది. ఇదింకా ఎక్కువగా ప్రయోగశాలల్లోనే ఉంది, కరెంటు ఖర్చే పెద్ద చిక్కు. పి.వి.సి. కలిస్తే అందులోని క్లోరిన్ ఆమ్లంగా మారి ఉత్ప్రేరకాన్ని, యంత్రాన్ని చెడగొడుతుంది.

ఇంటికి పోయి నాయనకు ఇదే చెప్పినా. ఆ యంత్రం మన ఊరికి రాలేదు, అయినా కాల్చొద్దు, మెత్తటి డ్రిప్పు పైపులు ఒకపక్క, గట్టి పి.వి.సి. గొట్టాలు ఒకపక్క పెట్టమన్నా. ఆయనేమీ అనలేదు. మొన్న సెలవులకు పోయి చూస్తే కొట్టంలో రెండు కుప్పలున్నాయి.