కాటన్ దొర లేని రెండేళ్లు

ప్రకాశం బ్యారేజీ మీద బస్సు వెళ్తుంటే మనలో చాలామంది ఫోన్ చూసుకుంటూనే ఉంటాం. నేనూ అంతే. ఈ సెమిస్టర్‌లో మాత్రం ఆ నీళ్ల వెనకున్న కాటన్ దొర గురించి కూర్చుని చదివాను. ఎందుకో చివర్లో చెప్తా.

ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లండులో పుట్టాడు. 1821లో, అంటే మన వయసులోనే, మద్రాసు వచ్చాడు. ముందు తంజావూరు వైపు కొల్లిడం నది మీద ఆనకట్టలు కట్టించాడు. ఇటు మన దగ్గర 1833 నాటి కరువులో గుంటూరు సీమ శ్మశానమైంది. పక్కనే కృష్ణ, గోదావరి సముద్రంలో కలిసిపోతున్నాయి. కంపెనీ ప్రభుత్వాన్ని ఎలాగో ఒప్పించి, 1847లో ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట పని మొదలుపెట్టించాడు.

దానికి వేలమంది కూలీలు కావాలి. ఎవరో తెల్లదొర పిలిస్తే ఊళ్లు వదిలి వస్తారా? వాళ్లను కూడగట్టి, దగ్గరుండి పని చేయించినవాడు వీణం వీరన్న అనే మన తెలుగాయన. కూలీలు నమ్మింది ముందు ఆయన్నే అని నాకనిపిస్తుంది. తర్వాత ఆయనకు బిరుదు కూడా వచ్చింది.

1848లో కాటన్ ఆరోగ్యం బాగా దెబ్బతింది. బాధ్యత కెప్టెన్ ఓర్‌కి అప్పజెప్పి ఆస్ట్రేలియా వెళ్లాడు, 1850లో గానీ తిరిగి రాలేదు. ఫోన్ లేదు, మెయిల్ లేదు. అయినా పని ఆగలేదు. 1852కల్లా ఆనకట్ట పూర్తయింది. ఆ ఏడాదే బెజవాడలో కృష్ణ ఆనకట్ట మొదలైతే, కట్టించింది ఆ ఓరే. 1855కి పూర్తయిన ఆ కట్ట, 1952లో గండి పడేదాకా డెల్టాను తడిపింది. దాని బదులు వచ్చిందే మన బ్యారేజీ.

కాటన్‌కు 1861లో సర్ బిరుదు ఇచ్చారు. 1899లో, 96 ఏళ్ల వయసులో పోయాడు. గోదావరి జిల్లాల్లో ఆయన విగ్రహాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇక అసలు కారణం. మా మినీ ప్రాజెక్టుకి నేనే టీం లీడ్‌ని. ఎవరు కోడ్ పంపినా, రాత్రికి కూర్చుని మొత్తం మళ్లీ రాసేదాన్ని. నాలుగో వారానికి ఇద్దరు పంపడమే మానేశారు. బద్ధకం అనుకున్నాను. కాదు, వాళ్ల పని మీద నాకు నమ్మకం లేదని వాళ్లకు అర్థమైపోయింది.

నాకు జ్వరమొచ్చి రెండు రోజులు పడుకుంటే మా ప్రాజెక్ట్ ఆగిపోయింది. కాటన్ రెండేళ్లు లేకపోయినా గోదావరి పని సాగింది. తేడా ఎక్కడుందో ఇప్పుడు తెలుస్తోంది. నిన్న ఆ ఇద్దరికీ సారీ చెప్పి, లాగిన్ మాడ్యూల్ వాళ్లకే ఇచ్చేశా. ఈసారి ముట్టుకోను.