కిన్నర బ్రహ్మయ్య

కల్యాణమున బసవేశ్వరుని చెంత చేరిన శరణులలో ఒక్కొక్కరిది ఒక్కొక్క కాయకము. మడివాలు మాచయ్య శరణుల వస్త్రములు ఉతికెను. మేదర కేతయ్య వెదురు చీల్చి బుట్టలు అల్లెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. కిన్నర బ్రహ్మయ్య కిన్నెర వాయించెను. వాద్యము వాయించుటయు కాయకమేనా యని సందేహించువారు ఆనాడును ఉండియుందురు, ఈనాడును కలరు. బ్రహ్మయ్య జీవితమే ఆ సందేహమునకు సమాధానము.

కన్నడదేశమున ఈయనను కిన్నరి బొమ్మయ్య యందురు. ఆంధ్రదేశమునుండి కల్యాణమునకు వెళ్లినవాడనియు, పుట్టుకచే కంసాలి యనియు అచ్చటి సంప్రదాయము చెప్పుచున్నది. మన పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఈయన కథను ప్రీతితో చెప్పెను. ఈయన వచనములు కొన్ని నేటికిని నిలిచియున్నవి. వానియందలి అంకితము త్రిపురాంతక లింగమునకు సంబంధించినది. బంగారము కరగించుట ఎరిగిన చేయి, దానిని విడిచి వెదురు దండెను పట్టినది. పుట్టువృత్తి బంగారమైనను, పేరు నిలిచినది మాత్రము వెదురువలననే.

కిన్నెర యెట్టిదో నేటి యువకులలో పలువురెరుగరు. సరస్వతీదేవి చిత్రపటములయందు కనిపించు వీణ వంటిది కాదది. బ్రహ్మయ్య కాలమునకు నూరేండ్లు నిండకమునుపే, దేవగిరి యాదవరాజు సింఘణుని ఆస్థానమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమును రచించెను. అందు లఘ్వియనియు బృహతియనియు కిన్నరీ భేదములు వర్ణింపబడినవి. ముఖ్యాంగము దండె. దాని క్రింద సొరబుర్రలు, పైన మెట్లు, ఆ మెట్లపై తీగె. మెట్లకు రాబందు ఎముకను వాడుదురనియు, కాల్చిన గుడ్డ మసిని కలిపిన మైనముతో వానిని దండెకు అంటింతురనియు ఆ గ్రంథము తెలుపును. శాస్త్రకారుడు మెచ్చి వర్ణించిన ఈ వాద్యమున ఖరీదైన వస్తువు ఒక్కటియు లేదు. వెదురు అడవిది, సొరకాయ పెరటిది, మైనము తేనెపట్టుది.

దండెకు వెదురునే ఏల వాడుదురో వాద్యములు చేయువారికి తెలియును. బిగించిన తీగె దండెను ఎల్లవేళల వంచజూచును. ఆ లాగుడునకు లొంగనంత గట్టిది కావలెను, ఒడిలోనో భుజముపైనో గంటలకొలది నిలుపుకొనదగినంత తేలికయు కావలెను. కొయ్యలో ఈ రెండును ఒకచోట దొరకుట అరుదు. వెదురునందు నారలన్నియు పొడవునా తిన్నగా సాగును, పైచర్మమునకు చేరువైనకొలది అవి దట్టమై గట్టిపడును, లోపల బోలు. గట్టితనమెల్ల అంచున నిలిచి, నడుమ ఏమియు లేకుండుటచే బరువు తగ్గును, బలము తగ్గదు.

ఐనను నరికిన ప్రతి వెదురును కిన్నెరకు పనికిరాదు. లేత వెదురు ఎండినకొలది ముడుచుకొని పగులును. కనీసము మూడేండ్లు ముదిరినదానిని, వానలు వెనుకబడిన తరువాత నరకవలెను. వెదురునందలి పిండిపదార్థమునకు ఆశపడి పురుగు చేరును. అందుచేత కొంతకాలము నీట నానవేయుదురు. తరువాత ఎండలో గాక నీడలో, తొందర లేక ఆరనీయవలెను. ఇంత చేసినను దండె తానుగా బిగ్గరగా మ్రోగదు. తీగె అదురును బుర్రలకు చేరవేయుటే దాని పని. మెట్లు మైనముతో అంటియుండును గనుక, కొంచెము వేడి చూపి వానిని జరిపి శ్రుతి సరిచేసికొనవచ్చును. వేసవి యెండకు మైనము మెత్తబడి మెట్టు కదలుటయు కలదు. కిన్నెర వాయించువాడు దినదినము తన వాద్యమును సవరించుకొనవలసినదే. బ్రహ్మయ్యయు ప్రతి ఉదయము ఈ పని చేసియే యుండునని నా తలంపు.

సోమనాథుని కథనము ప్రకారము, ఆయన నిత్యమును త్రిపురాంతకుని ఎదుట కిన్నెర వాయించును. స్వామి మెచ్చి నిత్యమును బంగారము నొసగును. బ్రహ్మయ్య దానిని దాచుకొనక జంగమార్చనకు వెచ్చించును. మరునాడు మరల కిన్నెర, మరల దాసోహము. బంగారము నిచ్చుట శివుని మహిమయే కావచ్చును. చేతికి వచ్చినదానిని తనకై నిలువ చేసికొనకుండుట మాత్రము బ్రహ్మయ్య మహిమ.

ఒకనాడు ఒక విటుడు వేశ్య యింటికి తోలుకొనిపోవుచున్న గొర్రె తప్పించుకొని బ్రహ్మయ్యను శరణుజొచ్చెను. దానికి వెల యిచ్చి కాపాడజూచెను గాని కలహము ముదిరెను. విటుడు బ్రహ్మయ్య చేత హతుడయ్యెను. అభియోగము బిజ్జలునివద్దకు పోయెను. అప్పుడు బ్రహ్మయ్య త్రిపురాంతకునే సాక్షిగా పిలువగా దేవుడు పలికెనని పురాణము. నేటి మన మనస్సునకు ఈ కథలోని హత్య కటువుగా తోచును. దానిని దాచి చెప్పుట నాకు ఇష్టము లేదు. నోరులేని ప్రాణి శరణన్నప్పుడు విడువరాదను పట్టుదల మాత్రము అందు స్పష్టము.

ఉల్లి వృత్తాంతము ఇంతకంటె ప్రసిద్ధము. బ్రహ్మయ్య ఉల్లిగడ్డలు తరుగుచుండగా ఆ వాసనను గూర్చి బసవన్న నోట ఒక చులకన మాట వెడలెను. బ్రహ్మయ్య మారుమాటాడక కల్యాణమును విడిచి వెళ్లిపోయెను. కొందరు దీనిని నవ్వులకథగా చెప్పి ముగింతురు. అది తగదు. ఉల్లి నాడు పేదల కూడు, పెద్దయింట హేయము. వాసన గూర్చిన మాట వంటకమువద్ద ఆగదు, దానిని వండుకొని తినువారిని తాకును. జంగమమునకు వడ్డించుటకై తరిగిన ఉల్లి హేయమైనచో, వడ్డించిన చేయి మాత్రము ఏమి కావలెను? బసవేశ్వరుడు ఆ బాధను గ్రహించెను. రాజ్యమునకు దండనాయకుడయ్యును తప్పును ఒప్పుకొనుటకు వెనుదీయలేదు. ఉల్లిని ఉత్సవముగా ఊరేగించి, ఉల్లితోనే భక్తులకు విందు చేసి, బ్రహ్మయ్యను వేడుకొని మరల కల్యాణమునకు రప్పించెను. మంత్రి తగ్గినాడు, కిన్నెరవాడు తిరిగి వచ్చినాడు. అనుభవమంటపమున సమానత యనగా ఏమియో గ్రహింప గోరువారికి ఈ ఒక్క కథ చాలును.

అక్కమహాదేవి కల్యాణమునకు వచ్చినప్పుడు ఆమె వైరాగ్యమును పరీక్షింప నెదురేగినవాడును ఈయనయే. ఆమె నిలుకడకు తానే తలవంచి మ్రొక్కెనని శూన్యసంపాదన తెలుపును. 1167లో బిజ్జలుని వధ జరిగి కల్యాణము చెదరినప్పుడు, చెన్నబసవన్నతో ఉళవి దిక్కుగా సాగిన శరణులలో ఈయనయు ఉండెనందురు.

కిన్నెర మాత్రము కల్యాణముతో అంతరింపలేదు. తెలంగాణమున డక్కలివారును, నల్లమలలో చెంచులును దానిని నిలిపినారు. నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంటకు చెందిన డక్కలి కళాకారుడు దర్శనం మొగులయ్యకు పన్నెండు మెట్ల కిన్నెర వాయించినందుకు 2022లో పద్మశ్రీ ప్రకటింపబడినది. పండుగ సాయన్న, మియాసాబ్ కథలను ఆయన దానిపై పాడెను. అదే వెదురు దండె, అవే సొరబుర్రలు, మెట్లను పట్టియుంచునది అదే మైనము. తరతరములుగా ఈ వాద్యమును కాపాడినవారిని ఊరు తన వెలుపలనే నిలిపినది. ఊరిలోని మన ఇండ్లును అందులోనివే. బ్రహ్మయ్య పేరు తలచు మఠములను చాలా చూచితిని. ఆ వాకిట డక్కలివారి కిన్నెర మ్రోగగా నేనింకను వినలేదు.